‘అన్నా, ఆ పాట పెట్టు’ అంటే ఏ పాట?

తమ్ముడూ, నువ్వు రెండు సంగతులు అడిగావు. అచ్చంపేటలో కొత్తగా సౌండ్ సిస్టం పెట్టావు, పెండ్లిళ్లకూ పండుగలకూ పోతున్నావు కాబట్టి జనం నెట్‌లో ఎక్కువగా వెతికే పాటల లిస్టు ఒకటి కావాలన్నావు. సగం లైను పాడి ‘ఇది పెట్టు’ అనేవాళ్లతో ఎట్లా వేగాలో చెప్పమన్నావు. మొదటిది నా దగ్గర లేదు, ఉన్నా నీకు పెద్దగా పనికిరాదు. రెండోది మాత్రం పాతికేండ్లుగా నేను చేస్తున్న పనే. కాస్త పొడుగ్గానే చెప్తాను.

నాది దేవరకొండ. 1999లో బస్టాండు పక్కన క్యాసెట్ల డబ్బా కొట్టు పెట్టాను. జనం ఖాళీ క్యాసెట్ తెచ్చిస్తే కోరిన పాటలు ఎక్కించి ఇచ్చేవాణ్ని. తర్వాత సీడీలు, ఆ తర్వాత మెమరీ కార్డులు. (ఆ ఎక్కించడానికి మనకేం హక్కుండేది కాదు. తెలిసే చేశాం, అప్పుడు అందరూ అదే చేసేవాళ్లు.) 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఆరు నెలల్లో కార్డుల గిరాకీ పడిపోయింది. అప్పటి నుంచి బాక్సులు, ఆంప్లిఫయర్, లాప్‌టాప్, డీసీఎం బండి. సామాను మారింది గానీ వచ్చేవాళ్ల మాట మారలేదు. “అన్నా, ఆ పాట పెట్టే... గదే, అమ్మాయి ఎర్ర చీర కట్టుకొని ఎగురుతది సూడు, గది.”

లిస్టు సంగతి ముందు తేల్చేస్తాను. ఎవరైనా ‘ఎక్కువ వెతికిన పది పాటలు’ అని రాస్తే, ఏ దేశంలో, ఏ నెలలో, ఏ అక్షరాల్లో అని అడుగు. యూట్యూబ్‌లో ప్రపంచం మొత్తం మీద ఎక్కువసార్లు ఆడిన వీడియో బేబీ షార్క్ అనే పిల్లల పాట. 2022 జనవరిలోనే 1000 కోట్ల వ్యూస్ దాటింది. మన దేశం వరకు చూస్తే హరిహరన్ పాడిన హనుమాన్ చాలీసా. ఈ రెండూ పట్టుకొని బరాత్‌కు పోతే నిన్ను పొలిమేర దాకా తరుముతారు. గూగుల్ ట్రెండ్స్ ఉచితమే, చూడు. అందులో తెలంగాణ అని ఎంచుకోవచ్చు, యూట్యూబ్‌లో వెతికినవి మాత్రమే చూపించమనీ అడగవచ్చు. అయితే అక్కడ కనిపించే 0 నుంచి 100 అంకెలు ఎంతమంది వెతికారనే లెక్క కావు. ఆ మాట తన సొంత శిఖరంతో పోలిస్తే ఈ వారం ఎంత ఎత్తులో ఉందో చెప్పే కొలత. 100 కనబడగానే వంద లక్షల మంది అనుకునేవాళ్లను చూశాను.

ఇంకో తిరకాసు ఉంది. మనవాళ్లు తెలుగు పాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. అందులో ట, త రెండూ ఒకటే అక్షరం. ‘పాత పాట’ అని కొడితే ఒకే మాట రెండుసార్లు కొట్టినట్టు ఉంటుంది. ‘వ’కు ఒకడు ఒక అక్షరం వాడితే ఇంకొకడు వేరేది వాడతాడు. దీర్ఘానికి ఒకరు రెండు అక్షరాలు పెడితే ఇంకొకరు ఒక్కటే పెడతారు. అట్లా ఒక్క పాట పది ముక్కలై లెక్కలో పడుతుంది. కాబట్టి నువ్వు వెతికేటప్పుడు తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి, మైకు నొక్కి నోటితో ఒకసారి వెతుకు. మూడు చోట్లా వేర్వేరు ఫలితాలు వస్తాయి. జానపదాలకు ఇది మరీ అవసరం. ‘వస్తున్న’ అని ఒకరు పెడితే ‘వత్తున్న’ అని ఇంకొకరు అప్‌లోడ్ చేసి ఉంటారు.

లిస్టు బదులు క్యాలెండర్ పెట్టుకో. మన దిక్కు పాటల వెతుకులాట పంచాంగం ప్రకారం నడుస్తుంది. పెండ్లి ముహూర్తాలున్న నెలల్లో బరాత్ పాటలు, అప్పగింతల పాటలు. శ్రావణంలో తండాల్లో తీజ్. వినాయక చవితికి తొమ్మిది రోజులు. పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దుల దాకా బతుకమ్మ. కార్తీకంలో అయ్యప్ప భజనలు. రెండేండ్లకోసారి సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి లింగమంతుల జాతర. మాఘంలో మాకు చెరువుగట్టు, దీపావళి దాటాక పాలమూరు దిక్కు కురుమూర్తి. జూన్ 2 వస్తే బడి పంతుళ్లు ‘జయ జయహే తెలంగాణ’ అడుగుతారు. 2024లో అది రాష్ట్ర గీతం అయ్యాక కీరవాణి స్వరపరిచిన కొత్త రికార్డింగ్ వచ్చింది. ఉద్యమకాలంలో పాడుకున్న పాతవీ నెట్‌లోనే ఉన్నాయి. ఏది కావాలో ముందే అడుగు, స్టేజీ మీద పెద్దలందరూ లేచి నిలబడ్డాక మార్చలేవు.

క్యాలెండర్‌లో లేని రోజు ఒకటుంది. పాడినవాళ్లో రాసినవాళ్లో పోయిన రోజు. 2020 సెప్టెంబర్ 25న బాలు పోయినప్పుడూ, 2023 ఆగస్టు 6న గద్దర్ పోయినప్పుడూ నా ఫోను రాత్రి దాకా మోగింది. స్టేటస్‌కు ముక్క కావాలి, చౌరస్తాలో ఫ్లెక్సీ దగ్గర పెట్టడానికి పాటలు కావాలి. గద్దర్ పాటలు అడిగినవాళ్లలో సగం మంది అడిగింది ‘బండెనక బండి కట్టి’. ‘మా భూమి’ సినిమాలో పాడింది గద్దరే, రాసింది మాత్రం సాయుధ పోరాట కాలపు యాదగిరి. అదే సినిమాలోని ‘పల్లెటూరి పిల్లగాడా’ కూడా గద్దర్‌దే అని అడిగారు. అది మన సుద్దాల హనుమంతు పాట, సినిమాలో పాడింది సంధ్య. నల్లగొండ మనిషిని గనక ఈ ఒక్కటి నాకు ఊరుకోబుద్ధి కాదు, ఎవరడిగినా చెప్పే పెడతాను. ఆ పాటనే చాలామంది ‘పాలబుగ్గల జీతగాడా’ అని వెతుకుతారు. అది పల్లవిలో వచ్చే మాట. పాట పేరుగా అందరూ రాసేది మొదటి మాట, మనిషికి గుర్తుండేది గుండెకు తగిలిన మాట. వెతకడంలో కష్టమంతా ఈ రెంటి మధ్యే ఉంది.

అందుకే లైను అడగడం నేను ఎప్పుడో మానేశాను. మూడు ప్రశ్నలు వేస్తాను. ఎక్కడ విన్నావు? ఎవరు ఎగురుతున్నారు? ఎప్పుడు? బస్సులోనా, పెండ్లిలోనా, రీల్స్‌లోనా అన్నది తెలిస్తే సగం పని అయిపోయినట్టే. 2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ వచ్చింది. పాట ఏప్రిల్‌లోనే వచ్చినా, ఆగస్టులో మంచిర్యాల దిక్కు ఒక పెండ్లికూతురు బరాత్‌లో ఆడిన వీడియో ఊరూరా తిరిగాక గానీ మా దగ్గర ఎవరూ అడగలేదు. అడిగినప్పుడు కూడా పాట పేరుతో అడగలేదు. “పెండ్లికూతురు మొగుని ముందట ఎగిరిన పాట” అన్నారు. నువ్వూ అట్లాగే కొట్టు. ‘పెండ్లికూతురు డ్యాన్స్ బరాత్ పాట’ అని కొడితే లైను తెలియకపోయినా దొరుకుతుంది, ఎందుకంటే వీడియో పెట్టినవాళ్లు కూడా చూసిందే పేరుగా పెడతారు.

ఇంకో ఉదాహరణ మీ జిల్లాదే. 2021లో ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట వచ్చినప్పుడు మొత్తం పాట అడిగినవాళ్లు కొందరు, మొదట్లో ముసలాయన పాడిన ముక్క మాత్రమే కావాలన్నవాళ్లు కొందరు. ఆయన నాగర్‌కర్నూలు జిల్లా కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య, మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. సినిమా పేరుతో వెతికితే సినిమా పాటే వస్తుంది. నేను ‘పన్నెండు మెట్ల కిన్నెర’ అని కొట్టాను. అంతే, ఆయన ఊళ్లలో కూర్చొని పాడిన కథలు బయటపడ్డాయి. పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ. పండుగ సాయన్న ఎవరో పాలమూరువాళ్లకు నేను చెప్పనక్కరలేదు, ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టినవాడు. ఆ రోజు పాట కోసం వచ్చిన ఇంటర్ పిల్లగాడు నా కొట్టులోనే స్టూలు మీద కూర్చొని కథ మొత్తం విని పోయాడు. వాయిద్యం పేరుతో వెతకడం అప్పటి నుంచి నాకు అలవాటైంది. డప్పు, ఒగ్గు డోలు, జమిడిక, కిన్నెర అని మాట కలిపితే సినిమా పాటల గుంపు పక్కకు జరిగి ఊరి పాట ముందుకొస్తుంది.

ఒకే పేరుతో ఉన్నవాటి దగ్గర జాగ్రత్త. ఒక రిటైర్డు సార్ షష్టిపూర్తికి పోయాను. ‘సామజవరగమన పెట్టు నాయనా’ అన్నారు. నేను సిద్ శ్రీరామ్ పాడింది, ‘అల వైకుంఠపురములో’ది పెట్టాను. పిల్లలు చప్పట్లు కొట్టారు, సార్ మొహం మాడింది. ఆయన అడిగింది హిందోళంలో త్యాగరాజ కీర్తన. సరేనని మళ్లీ వెతికితే ‘శంకరాభరణం’లో బాలు, జానకి పాడిన పాట వచ్చింది. ఇప్పుడైతే 2023లో వచ్చిన సినిమా పేరు కూడా అదే, కాబట్టి ట్రైలర్ కూడా మధ్యలో దూరుతుంది. పేరుకు పాడినవాళ్ల పేరు, లేదంటే ‘కీర్తన’, ‘పాత పాట’, ‘సినిమా’ లాంటి ఒక్క మాట తగిలిస్తే ఈ తలవంపు ఉండదు.

నా అసలు తలవంపు అది కాదులే. ఒక పెండ్లిలో అప్పగింతల వేళ. తల్లి బిడ్డను పట్టుకొని ఏడుస్తోంది. ఆడబిడ్డ పాట ఒకటి పెట్టమన్నారు. గబగబా వెతికి మొదట వచ్చింది నొక్కాను. రెండు లైన్లు మెల్లగా పోయి, ఒక్కసారిగా డీజే బీటు దడదడలాడింది. అది రీమిక్స్. ఆపబోయే లోపల పెండ్లికొడుకు సోపతిగాళ్లు నలుగురు ఎగరడం మొదలుపెట్టారు. ఆ పటేల్ బ్యాలెన్స్ డబ్బులు ఇచ్చాడు గానీ మళ్లీ పిలవలేదు. ఇంకోసారి తలంబ్రాల మధ్యలో లోన్ యాప్ యాడ్ వచ్చింది. కాబట్టి పెండ్లికి నెట్ మీద నేరుగా ఆడించకు. యాడ్లు రాని ప్రీమియం తీసుకొని, పాటలు ముందురోజే ఫోన్‌లో దింపుకొని, ప్రతిదీ కనీసం నిమిషం విని పెట్టుకో. అయితే ఆ దింపుకున్నవి యాప్ ఉన్నంతవరకే. వింక్ మ్యూజిక్ 2024లో మూతపడ్డప్పుడు అందులో వరసగా పెట్టుకున్న లిస్టులన్నీ మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది. అందుకే నేను పాటల పేర్లు నోట్‌బుక్‌లో కూడా రాసి పెట్టుకుంటాను.

ఇక యంత్రాల సంగతి. పాట పక్కన మోగుతుంటే షజామ్ అనే యాప్ తెరువు. రాగం మాత్రమే నోట్లో ఆడుతుంటే గూగుల్ యాప్‌లో మైకు నొక్కి, పాట వెతికే బటన్ నొక్కి, పది పదిహేను సెకన్లు హమ్ చెయ్యి. ఈ రెండూ ఒకటే అనుకుంటారు గానీ పనిచేసే తీరు వేరు. షజామ్ ఆ రికార్డింగ్‌లో ఏ క్షణాన ఏ స్థాయి శబ్దం గట్టిగా ఉందో గుర్తులు తీసి, తన దగ్గరున్న రికార్డింగుల గుర్తులతో సరిచూస్తుంది. వేలిముద్ర అనుకో. అందుకే అదే పాటను వేరేవాళ్లు స్టేజీ మీద పాడితే పట్టలేదు, డీజేవాడు స్పీడు పెంచితే తడబడుతుంది. (ఈ షజామ్ 2002లో స్మార్ట్‌ఫోన్లు రాకముందే బ్రిటన్‌లో మొదలైంది. 2580కి ఫోన్ చేసి పాట వినిపిస్తే మెసేజ్ వచ్చేదట. మనం ఖాళీ క్యాసెట్లు నింపుతున్న రోజులవి.) గూగుల్ హమ్మింగ్ 2020 అక్టోబరులో వచ్చింది. అది గొంతునూ వాయిద్యాలనూ వదిలేసి రాగం ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగిందో ఆ గీత మాత్రమే చూస్తుంది. గొంతు బాగాలేకపోయినా పర్వాలేదు, శ్రుతి కాస్త తప్పినా పర్వాలేదు. సినిమా పాటలకు నాకు చాలాసార్లు దొరికింది.

బతుకమ్మ పాటల దగ్గర మాత్రం హమ్మింగ్ చేతులెత్తేస్తుంది. తప్పు దానిది కాదు. ఒకే బాణీ మీద ఎన్ని కథలు పాడతారో నీకు తెలుసు. ‘ఉయ్యాలో’ అన్నా, ‘చందమామ’ అన్నా, ‘గౌరమ్మ’ అన్నా అది వరస చివర తగిలే పలుకు, పాట పేరు కాదు. ‘ఉయ్యాలో పాట’ అని కొడితే వేలల్లో వస్తాయి. అప్పుడు కథ అడగాలి. ధర్మాంగుడి కథా, సీతమ్మ కథా, అత్తగారింటి నుంచి పుట్టింటికి పంపమని అడిగే పాటా? “పెద్దమ్మా, అందులో ఎవరుంటారు, ఏమైతది?” అని అడిగితే వాళ్లు నవ్వుకుంటూ మొత్తం చెప్తారు. కథలోని పేరుతో వెతికితే రెండు మూడు నిమిషాల్లో దొరుకుతుంది. ఆడపడుచులు ఆడేటప్పుడు సినిమా పాట పెట్టాలా, పాత పాట పెట్టాలా అన్నది నీ ఇష్టం. సద్దుల నాడు మొదటి గంట నేను బాక్సులు ఆపి మైకు వాళ్లకే ఇస్తాను.

తండా పాటలకు ఇంకో చిక్కు. లంబాడీ భాషకు సొంత లిపి వాడుకలో లేదు కాబట్టి ఒకరు తెలుగు అక్షరాల్లో, ఇంకొకరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి వినబడ్డట్టు వాళ్లు రాస్తారు. లైను కొట్టి లాభం లేదు. ‘బంజారా తీజ్ పాట’, ‘బంజారా పెండ్లి పాట’ అని సందర్భంతో పట్టుకో, లేదంటే తండాలో ఒక పిల్లగాణ్ని సోపతి చేసుకో. మాకు ఆ దోస్తు ఉండబట్టే 2025లో రాము రాథోడ్, ప్రభ పాడిన ‘రాను బొంబాయికి రాను’ ఊళ్లలో దుమ్ము లేపకముందే నా చెవిలో పడింది. రాము మహబూబ్‌నగర్ జిల్లా పిల్లగాడు. ఆ పాట బరాత్‌లో ఎగరడానికి బాగుంటుందని అందరికీ తెలుసు. కానీ పాలమూరులో బొంబాయి అన్న మాట ఊరికే రాదు. అమ్మానాన్నలు బొంబాయి బస్సెక్కి పనికి పోతే ముసలివాళ్ల దగ్గర పెరిగిన పిల్లలు ఎంతమందో. నారాయణపేట దిక్కు ఒక పెండ్లిలో ఆ పాట పెడితే కుర్రాళ్లు ఎగురుతుంటే, కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన ‘మళ్లీ పెట్టు’ అన్నాడు. ఆయన ఎగరలేదు. ఊరికే విన్నాడు.

లిరిక్స్ సైట్లను నమ్మకు. పాడేవాళ్లకు ప్రింటు తీసి ఇవ్వాల్సి వస్తే విని సరిచేసి ఇవ్వు. మన మాటలు తెలియనివాళ్లు విన్నట్టు రాసేస్తారు, ఒకరి తప్పు ఇంకొకరు దింపుకుంటారు. ‘పల్లె కన్నీరు పెడుతుందో’కు మూడు సైట్లలో మూడు రకాల చరణాలు చూశాను. రాసిన గోరటి వెంకన్న మీ జిల్లా గౌరారం మనిషి, కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న కవి. ఆయన మాటలకే ఆ గతి పట్టిస్తే, రాసినవాళ్లెవరో తెలియని పాటల సంగతి ఇక చెప్పేదేముంది. పాడినవాళ్ల, రాసినవాళ్ల పేర్లు కావాలంటే వీడియో కింద వివరంలో చూడు, అధికారిక ఛానల్ అయితే అక్కడ రాస్తారు. జానపదం అని మాత్రమే రాసి ఉంటే అదే పాట ఐదేండ్ల కిందటి వీడియో ఉందేమో వెతుకు, చాలాసార్లు ఉంటుంది.

అన్ని పాటలూ దొరకవు, అది కూడా ముందే తెలుసుకో. పోయిన వానాకాలం చందంపేట దిక్కు నుంచి ఒకామె వచ్చింది, డెబ్బై దాటి ఉంటాయి. వాళ్ల అమ్మ నాట్లు వేసేటప్పుడు పాడే పాట కావాలంది, మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు. కథ అడిగాను, కొంగల కథ. నాలుగు రకాల మాటలతో కొట్టాను. హమ్ చేయించాను, గూగుల్ ఏదో తమిళ పాట చూపించింది. గంటసేపు వెతికాక ఆమెనే పాడమన్నాను. ‘నాకు గొంతు లేదు కొడుకా’ అంటూనే పాడింది. షట్టరు సగం దించి, ఫ్యాను ఆపి, ఫోన్‌లో రికార్డు చేశాను. ఫంక్షన్‌లో అదే పెట్టాం. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు ఉంది. నెట్‌లో పెట్టమని మనవరాలు రెండుసార్లు ఫోన్ చేసింది, పెడతాను. పేరు దగ్గర ఆగిపోయాను. ప్రస్తుతానికి నా ఫోన్‌లో దాని పేరు ‘చందంపేట పెద్దమ్మ’.